టైమ్‌లైన్ మధ్యలో గ్యాప్ కావాలంటే మౌస్‌తో బాక్స్ లాగకండి

ప్రీమియర్ ప్రో అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడే చాలామంది మధ్యలో కొత్త షాట్ పెట్టాలంటే టైమ్‌లైన్ మొత్తం జూమ్ అవుట్ చేసి, మౌస్‌తో పెద్ద బాక్స్ గీసి అన్ని క్లిప్స్ సెలెక్ట్ చేస్తుంటారు, అందులో చివర్లో ఎక్కడో ఒక చిన్న టైటిలో సౌండ్ ఎఫెక్టో మిస్ అవుతుంది, ఇక అక్కడి నుంచి సింక్ అంతా పోతుంది. దానికి బదులు కీబోర్డ్‌లో A అక్షరం నొక్కండి, ట్రాక్ సెలెక్ట్ ఫార్వర్డ్ టూల్ వస్తుంది, ఏ క్లిప్ దగ్గర క్లిక్ చేస్తే అక్కడి నుంచి కుడివైపు ఉన్నవన్నీ అన్ని ట్రాక్స్‌లోనూ (వీడియో, ఆడియో వరసల్లో) సెలెక్ట్ అయిపోతాయి, స్క్రీన్ మీద కనపడనివి కూడా. పట్టుకుని పక్కకి జరపడమే. ఎడమవైపువి కావాలంటే షిఫ్ట్ + A.

ఒక్క ట్రాక్ మాత్రమే జరగాలంటే షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేయండి, కర్సర్‌లో రెండు బాణాలు కాస్తా ఒకటి అవుతుంది, అది చూసుకుని క్లిక్ చేస్తే డౌట్ ఉండదు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కదలకూడదంటే ముందే ఆ ట్రాక్‌కి తాళం బొమ్మ నొక్కి లాక్ చేసేయండి, లాక్ చేసినవి ఈ టూల్‌కి దొరకవు. నాకైతే ఇదే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది.

పని అవ్వగానే V అక్షరం నొక్కి మామూలు సెలెక్షన్ టూల్‌కి వచ్చేయండి, లేకపోతే తర్వాత ఒక్క క్లిప్ జరుపుదామని పట్టుకుంటే వెనకున్నవన్నీ కదిలిపోతాయి.