ఇంటి రీఫ్ ట్యాంక్‌లో ఎల్‌పీఎస్ పగడాలను పెంచడం ఎలా?

హామర్, టార్చ్, డంకన్, క్యాండీ కేన్ లాంటి పెద్ద పాలిప్‌లున్న రాతి పగడాలను రీఫ్ ట్యాంకులు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలు) పెట్టేవాళ్ళు ఎల్‌పీఎస్ అంటారు. పాలిప్ అంటే నోరు, దాని చుట్టూ పోగుల్లాంటి టెంటకిల్స్ ఉన్న ఒక్కో జీవి. చూడ్డానికి మొక్కల్లా ఉన్నా ఇవి జంతువులే.

ఇండియాలో ఉంటే ముందు చట్టం చూసుకోండి. మన సముద్రాల్లోని రాతి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. వాటిని తీసినా, అమ్మినా నేరమే. విదేశాల నుంచి తెచ్చేవాటికి సైటిస్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) అనుమతి కావాలి. కాగితాలు చూపించలేని దుకాణంలో ఎంత చవకగా ఇచ్చినా కొనకండి.

మొదటి పని నీళ్ళు. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు పనికిరావు. ఆర్వో-డీఐ ఫిల్టర్‌తో శుద్ధి చేసిన నీళ్ళలో రీఫ్ సాల్ట్ (పగడాల ట్యాంకుల కోసం అమ్మే సముద్రపు ఉప్పు) కలిపి సాంద్రత 1.025కి తెచ్చుకోవాలి. వేడి 25–26 డిగ్రీలు దాటకూడదు కాబట్టి మన ఎండాకాలానికి చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) తప్పదు. ఆవిరైపోయేది నీరే, ఉప్పు కాదు. అందుకే తగ్గిన మేర ఉప్పు కలపని ఆర్వో-డీఐ నీళ్ళే పోయాలి. ట్యాంక్ సైకిల్ (వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియా స్థిరపడే దశ) పూర్తయ్యాక కూడా కొన్ని నెలలు ఆగి పగడాలు పెడితే మంచిది.

అసలు కిటుకు ఆల్కలినిటీలో, అంటే నీళ్ళలోని కార్బొనేట్ల మోతాదులో ఉంది. పగడం తన అస్థిపంజరం కట్టుకోవడానికి నీళ్ళలోని కాల్షియం, కార్బొనేట్ వాడుకుంటుంది. ఆల్కలినిటీ 8–9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం), కాల్షియం 400–450 పీపీఎం (పది లక్షల్లో భాగాలు), మెగ్నీషియం 1,300 పీపీఎం దరిదాపుల్లో ఉంటే చాలు. ఎనిమిదా తొమ్మిదా అని టెన్షన్ పడొద్దు. నిన్న 8 ఉన్నది ఇవాళ 9.5 అయితే పడాలి. రోజూ ఒకే వేళకు కొలవండి. ఏమీ కలపకుండా మూడు రోజుల్లో 8.6 నుంచి 8.0కి దిగిందంటే మీ ట్యాంక్ రోజుకు 0.2 వాడుతోందన్నమాట. రోజూ అంతే పెరిగేలా ఆల్కలినిటీ ద్రావణం కలపండి. బాగా పడిపోయినా ఒక్కరోజులో 1 డీకేహెచ్‌కు మించి పెంచొద్దు. పగడాలు నాలుగైదే ఉంటే వారం వారం పది శాతం నీళ్ళు మార్చినా సరిపోవచ్చు.

కొత్త పగడం తెచ్చాక కోరల్ డిప్‌లో (పురుగులను వదిలించే ద్రావణంలో) ముంచి, కాండం చుట్టూ చదునుపురుగులు, గుడ్లు ఉన్నాయేమో వెతకండి. డిప్ గుడ్లను చంపదు, గోకేయాలి. మొదట కింది భాగంలో, తక్కువ వెలుగులో పెట్టండి. టెంటకిల్స్ మెల్లగా ఊగాలి, ఒకే వైపుకు ఒరిగిపోతుంటే ప్రవాహం ఎక్కువైనట్టే. రాత్రిపూట కొన్ని పగడాలు పొడవాటి టెంటకిల్స్ చాచి పక్కవాటిని కాలుస్తాయి. అందుకని మధ్యలో 15 సెంటీమీటర్లయినా వదలాలి. హామర్, దాని దగ్గరి బంధువైన ఫ్రాగ్‌స్పాన్ సాధారణంగా పక్కపక్కనే సర్దుకుపోతాయి, టార్చ్‌ను మాత్రం విడిగా ఉంచండి. చాలా పొడవాటి టెంటకిల్స్‌తో కుట్టే గెలాక్సియా పగడం జోలికి అసలు పోవద్దు.

తిండి వారానికి ఒకటి రెండుసార్లు చాలు. పంపులు ఆపి, గడ్డకట్టించి అమ్మే చిన్న మైసిస్ రొయ్యను కరిగించి పిపెట్‌తో టెంటకిల్స్ మీద వదలండి. అది అంటుకుంటుంది, చుట్టూ ఉన్నవి వంగుతాయి, మధ్యలో నోరు నిదానంగా తెరుచుకుంటుంది. పంపులు ఓ పావుగంట తర్వాత వేయండి. ఈలోపు ట్యాంక్‌లో ఉండే క్లీనర్ రొయ్య వచ్చి నోట్లోది లాక్కుపోకుండా కాపలా కాయాల్సిందే! వ్యర్థాల నుంచి పుట్టే నైట్రేట్‌ను సున్నా చేయాలని చూడకండి, 5–15 పీపీఎం ఉండనివ్వండి.

పగడం మీద గోధుమరంగు జిగురు (ఒక జబ్బు) కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. పైపుతో ఆ జిగురును బయటికి లాగేసి, పగడాన్ని వేరే పాత్రలోకి మార్చి, పాడైన తలను, అంటే ఆ పాలిప్ ఉన్న కొమ్మను, అస్థిపంజరం దగ్గర కోసేయండి. ఆ పాత్రలోని నీళ్ళు తిరిగి ట్యాంక్‌లో పోయకండి.