అల్లాయ్స్ మారుస్తున్నారా, ముందు ఆఫ్‌సెట్ చూడండి

కారుకి కొత్త అల్లాయ్ వీల్స్ వేయించేటప్పుడు డిజైన్ తర్వాత చూసుకోవచ్చు, ముందు పాత వీల్ వెనక ఈటీ పక్కన ఉండే నంబర్ చూడండి, అదే ఆఫ్‌సెట్, అంటే హబ్‌కి, అదే కారు వైపు వీల్ బిగించే భాగానికి, ఆనే ఫేస్ వీల్ మధ్యగీత నుంచి ఎన్ని ఎంఎం బయటివైపు ఉందో అని. నంబర్ తగ్గేకొద్దీ వీల్ బయటికొస్తుంది, పెరిగితే లోపలికెళ్తుంది. వెడల్పు కూడా మారితే లెక్క వేయాల్సిందే. 6జే (అంటే 6 అంగుళాల వెడల్పు) ఈటీ 45 తీసి 7జే ఈటీ 40 వేస్తే, పెరిగిన అంగుళం, అంటే 25.4 ఎంఎంలో సగం 12.7, దానికి ఆఫ్‌సెట్ తేడా 5 కలిపితే బయటికి 17.7 ఎంఎం, తీసేస్తే లోపలికి 7.7. ఇక స్టీరింగ్ ఫుల్‌గా తిప్పి లోపల స్ట్రట్ (సస్పెన్షన్ భాగం) దగ్గర, బయట ఫెండర్ (టైర్ పైన ఉండే బాడీ అంచు) దగ్గర అంత గ్యాప్ ఉందో లేదో కొలవండి, వెనక సీట్లో మనుషుల్ని కూర్చోబెట్టి కూడా. స్పేసర్ (హబ్‌కీ వీల్‌కీ మధ్య పెట్టే బిళ్ల) వేస్తే సరిపోద్ది అని షాపులో అంటారు గానీ అది లోపల తగిలితేనే పనికొస్తుంది, ఫెండర్‌కి తగిలేదాన్ని ఇంకా బయటికి తోస్తుంది, పైగా బేరింగ్ మీద లోడ్ కూడా పెరుగుతుంది. పీసీడీ (బోల్టు రంధ్రాల మధ్యగా వెళ్లే వృత్తం వ్యాసం), సెంటర్ బోర్ (వీల్ మధ్యలో ఉండే రంధ్రం సైజు) కూడా కలవాలి మరి.