లింకర్ సోర్సులో హెల్పర్ ఫంక్షన్‌ను ఫైలు మార్చే పద్ధతి

ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టుకు చెందిన ఎల్‌ఎల్‌డీ లింకర్‌లో (కంపైల్ అయిన ముక్కలను కలిపి ఒకే ప్రోగ్రాముగా చేసే సాధనం లింకర్), లినక్స్ వంటి వాటి ప్రోగ్రాములు ఉండే ఎల్ఫ్ ఫార్మాటును చూసుకునే భాగం కింద ఆర్చ్ అనే ఫోల్డరు ఉంది. అందులో ఒక్కో ప్రాసెసరు కుటుంబానికి ఒక్కో ఫైలు కేటాయించారు. రిస్క్-ఫైవ్ ఫైలులోనూ లూంగ్‌ఆర్చ్ ఫైలులోనూ ‘ఎక్స్‌ట్రాక్ట్‌బిట్స్’ అనే ఒకే పేరుతో రెండు స్టాటిక్ ఫంక్షన్లు, అంటే ఆయా ఫైలుకే పరిమితమైనవి, విడివిడిగా రాసి ఉండటం నేను చూశాను. 64 బిట్ల విలువలోంచి ఫలానా బిట్టు మొదలుకొని ఫలానా బిట్టు దాకా కత్తిరించి ఇవ్వడమే ఆ రెండింటి పని. ఇలాంటి జంట కనబడితే వాటిని ఒకచోటికి చేర్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే అలా చేర్చే ముందు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదవాలి.

ఈ జంటనే తీసుకుందాం. అక్కర్లేని బిట్లను చెరిపే మాస్కు తయారు చేయడానికి 1 అనే సంఖ్యను, పై బిట్టు సంఖ్యకు ఒకటి కలిపి, అన్ని స్థానాలు ఎడమకు జరిపి, వచ్చినదాంట్లోంచి 1 తీసేస్తారు. పై బిట్టు 63 అయితే 64 స్థానాలు జరపాలి. 64 బిట్ల సంఖ్యను అలా జరిపితే ఏం రావాలో సీ ప్లస్ ప్లస్ ప్రమాణం నిర్వచించలేదు. రిస్క్-ఫైవ్‌కు ఆ అవసరం లేదు కనుక, పై బిట్టు 63 కంటే తక్కువ ఉండాలని కామెంటు రాసి సరిపెట్టారు. లూంగ్‌ఆర్చ్‌లో మాత్రం 63 నుంచి 52 వరకు ఉన్న 12 బిట్లను తీసుకునే రీలొకేషన్ (అసలు చిరునామాను కోడులో పూరించే పని) ఉంది కాబట్టి, అక్కడి ఫంక్షన్ 63ను విడిగా పరిశీలిస్తుంది. తొందరలో రిస్క్-ఫైవ్ నకలును ఉంచి రెండోదాన్ని తీసేస్తే, ఎక్స్86 యంత్రం జరపవలసిన సంఖ్యలో కింది 6 బిట్లనే చూస్తుంది గనుక, 64 కాస్తా 0 అయి, మాస్కు సాధారణంగా సున్నా అయిపోతుంది. మామూలు చిరునామాల్లో పై 12 బిట్లు ఎలాగూ సున్నాలే కావడంతో ఆ తప్పు ఎన్నాళ్లైనా బయటపడకపోవచ్చు. అందువల్ల మొదటి కమిట్‌లో (గిట్‌లో ఒకేసారి నమోదు చేసే మార్పుల కట్ట) రెండు నకళ్లనూ ఒకే రూపానికి తేవాలి, రెండో కమిట్‌లో మాత్రమే చోటు మార్చాలి.

ఎక్కడికి మార్చాలన్నది ఆ ఫంక్షన్‌ను ఎవరెవరు పిలుస్తున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. ఆర్చ్ ఫైళ్లు మాత్రమే వాడుతుంటే, ‘చెక్‌ఇంట్’ వంటివి ఇప్పటికే ఉన్న టార్గెట్ హెడరు (ఇతర ఫైళ్లు చేర్చుకునే ప్రకటనల ఫైలు) తగిన చోటు. విండోస్ కోసం ఉన్న కాఫ్ భాగానికి కూడా పనికొస్తుందేమోనన్న ఊహతో కామన్ ఫోల్డరుకు ఎక్కించవద్దు. ఎల్ఫ్, కాఫ్ భాగాలు ఒకే నమూనాలో నడిచినా, కోడును మాత్రం చాలా తక్కువగా పంచుకోవడం ఈ లింకర్ రూపకర్తలు తెలిసి తీసుకున్న నిర్ణయం. ఊహించిన అవసరం కోసం దాన్ని కదపడం నాకు సమంజసంగా తోచదు.

ఒక్క వరుసలో ముగిసే ఫంక్షన్ అయితే హెడరులోనే ‘ఇన్‌లైన్’ అని పెట్టి రాయవచ్చు. ఆ మాట మరిచిపోతే, ఒకే సింబల్ రెండుచోట్ల ఉందన్న ఎర్రర్ వస్తుంది. ‘స్టాటిక్’ను అలాగే ఉంచితే హెడరును చేర్చుకున్న ప్రతి ఫైలులోనూ ఒక నకలు తయారవుతుంది. పెద్ద ఫంక్షన్ అయితే హెడరులో ప్రకటన మాత్రమే ఉంచి, అసలు శరీరాన్ని సీపీపీ ఫైలులో పెట్టాలి. అక్కడ నేమ్‌స్పేస్‌ను, అంటే పేర్లను గుంపుగా ఉంచే ఆవరణను, మళ్లీ తెరవకుండా, ఫంక్షన్ పేరు ముందే నేమ్‌స్పేస్ పేరును చేర్చి రాయాలి. ఈ నియమాన్ని నేను మొదట్లో లక్ష్యపెట్టలేదు. ఒకసారి నేమ్‌స్పేస్ తెరిచి రాస్తూ ఒక పారామీటరుకు ‘కాన్‌స్ట్’ వదిలేశాను. కంపైలర్ దాన్ని అదే పేరున్న వేరే ఫంక్షన్ (ఓవర్‌లోడ్) అనుకుని ఊరుకుంది. చివర్లో లింకర్‌ను నిర్మించే దశలో లింకరే సింబల్ దొరకలేదని మొరపెట్టుకుంది. పేరు ముందే నేమ్‌స్పేస్ ఉండి ఉంటే, తప్పు ఏ వరుసలో ఉందో కంపైలరే చూపించేది.

ఒకే కోడు నుంచి వేర్వేరు రకాలకు రూపాలు తయారయ్యే టెంప్లేట్ ఫంక్షన్లను మార్చేటప్పుడు ఫైలు అడుగున ఉండే నాలుగు వరుసలను కూడా వెంట తీసుకెళ్లాలి. ఎల్ఫ్‌లో 32, 64 బిట్లకు, వాటిలో ఒక్కోదానికి లిటిల్, బిగ్ ఎండియన్ అనే రెండు బైట్ల వరుసలకు కలిపి నాలుగు రూపాలు అక్కడ విడివిడిగా ఇన్‌స్టాన్షియేట్ అవుతాయి.

పాత చోట తీసివేయడం, కొత్త చోట చేర్చడం ఒకే కమిట్‌లో జరగాలి. ఏ వరుస ఎవరు రాశారో చూపే గిట్ బ్లేమ్‌కు పెద్ద సీ ఆప్షన్ ఒకసారి ఇస్తే, అదే కమిట్‌లో మారిన ఫైళ్లలోనే అది పాత చరిత్రను వెతుకుతుంది. ముందు నకలు చేసి తర్వాతి కమిట్‌లో పాతది తీసేస్తే ఆ ఫంక్షన్ రాసిన ఘనత మొత్తం మీ పేరు మీద పడుతుంది. పేరు మార్చడం, కామెంట్లు దిద్దడం వంటివి ఈ కమిట్‌లోకి రానివ్వకూడదు. గిట్ డిఫ్‌కు కలర్-మూవ్డ్ ఆప్షన్ ఇచ్చి చూసినప్పుడు, కదిలిన వరుసలు కాక వేరే రంగులో మిగిలినవి ప్రకటన, స్టాటిక్ పదం లాంటి రెండు మూడు వరుసలే అయి ఉండాలి. అప్పుడే సందేశం చివర ‘ఎన్‌ఎఫ్‌సీ’ అని, అంటే పనితీరులో ఏ మార్పూ లేదని, రాయడానికి వీలుంటుంది.

ఆ మాటకు రుజువు కూడా కావాలి. ‘నింజా చెక్-ఎల్‌ఎల్‌డీ’ పరీక్షలు నెగ్గడం అందులో మొదటి మెట్టు మాత్రమే. ఏదైనా పెద్ద ప్రోగ్రామును లింక్ చేసేటప్పుడు రీప్రొడ్యూస్ ఆప్షన్ ఇస్తే, ఇన్‌పుట్ ఫైళ్లన్నీ కమాండుతో సహా ఒక టార్ ఫైలులోకి చేరతాయి. దాన్ని విప్పి, మార్పుకు ముందరి లింకర్‌తో ఒకసారి, తర్వాతి లింకర్‌తో ఒకసారి లింక్ చేసి, రెండు ఫలితాలను బైటు బైటుగా పోల్చాలి. తేడా వస్తే కంగారు పడకుండా ముందు కామెంట్ సెక్షన్ చూడండి; లింకర్ తన వెర్షన్‌ను అక్కడ రాస్తుంది, బిల్డు అమరికను బట్టి అందులో గిట్ కమిట్ హ్యాష్ కూడా ఉంటుంది. బిల్డ్-ఐడీ అడిగి ఉంటే, అది ఫలితం మీద కట్టిన హ్యాష్ కనుక దాంతోపాటే మారిపోతుంది. ‘ఎల్‌ఎల్‌డీ అండర్‌స్కోర్ వెర్షన్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు రెండుసార్లూ ఒకే విలువ ఇచ్చి మళ్లీ లింక్ చేస్తే ఆ తేడా పోతుంది. అప్పటికీ ఒక్క బైటు తేడా మిగిలినా ఎన్‌ఎఫ్‌సీ అన్న మాటను తీసేసి, ఆ బైటు ఏ సెక్షన్‌లో ఉందో వెతకడం మొదలుపెట్టాలి.