పాత ల్యాప్‌టాప్ కొంటున్నారా? పైసలిచ్చే ముందు ఇవి చూసుకోండి

కాలేజీలు తెరిచే రోజులు. హనుమకొండ, కాజీపేటల్లో పాత ల్యాప్‌టాప్‌లు జోరుగా చేతులు మారే కాలం.

• బయాస్ (విండోస్ కంటే ముందే నడిచే, ల్యాప్‌టాప్ లోపలి సెట్టింగుల ప్రోగ్రామ్) తెరిచి చూడందే పైసలివ్వొద్దు. విండోస్ వచ్చింది కదా అని నమ్మితే మునిగినట్టే. పూర్తిగా ఆపి, ఆన్ చేస్తూనే డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, లెనోవో థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 వరుసగా నొక్కండి. పాస్‌వర్డ్ అడిగిందా, తాళం ఉన్నట్టే. థింక్‌ప్యాడ్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ (బయాస్‌కు వేసే తాళం) తెలియకపోతే కంపెనీ చెప్పేది ఒక్కటే: మదర్‌బోర్డు మార్చడం.

• లోపలి బిళ్ల బ్యాటరీ పీకితే బయాస్ పాస్‌వర్డ్ పోతుందన్న మాట నమ్మొద్దు. అది పాత డెస్క్‌టాప్‌ల సంగతి. ఆఫీసు మోడళ్లలో పాస్‌వర్డ్ కరెంటు లేకున్నా చెరగని చిప్‌లో ఉంటుంది.

• ఊహించి కొట్టొద్దు. చాలావాటిలో మూడు తప్పులకే స్క్రీన్ ఆగిపోతుంది.

• హార్డ్‌డిస్క్ పాస్‌వర్డ్ వేరు. డిస్క్ తీసి ఇంకోదాంట్లో పెట్టినా అడుగుతుంది.

• బిట్‌లాకర్ (డిస్క్‌లోని ఫైళ్లకు విండోస్ వేసే తాళం) ఉంటే, బోర్డు మార్చేముందే 48 అంకెల రికవరీ కీ రాసిపెట్టుకోండి. లేదంటే ఫైళ్లు పోయినట్టే.

• అసలు బిల్లు అడిగి తీసుకోండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది అదే.

విండోస్ పాస్‌వర్డ్ ఒక్కటే అయితే భయం లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేయొచ్చు, పాత ఫైళ్లు మాత్రం వదులుకోవాలి.