కొత్త ఎనిమోన్ రీఫ్ ట్యాంకులో కుదురుకోకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

ఇంటి రీఫ్ ట్యాంకులో (పగడాలను, సముద్ర జీవులను పెంచే ఉప్పునీటి అక్వేరియంలో) మొదటిసారి ఎనిమోన్‌ను (పువ్వులా విచ్చుకునే సముద్ర జీవిని) పెట్టేవారిలో ఎక్కువమంది బబుల్ టిప్ రకాన్నే ఎంచుకుంటారు కాబట్టి, ఇక్కడ చెప్పేదంతా ప్రధానంగా దాని గురించే. ఎంటాక్మియా క్వాడ్రికలర్ అనే శాస్త్రీయ నామం ఉన్న ఈ జీవి ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దాకా పగడపు దిబ్బల్లో, రాతి పగుళ్ళ లోపల పాదాన్ని దాచుకుని, స్పర్శకాలను (నోటి చుట్టూ వేళ్ళలా ఉండే భాగాలను) మాత్రం వెలుతురులోకి చాచి బతుకుతుంది. పాదానికి చీకటి, పైభాగానికి వెలుగు కావాలన్న ఈ సంగతి గుర్తుంటే కింద వచ్చే సమస్యల్లో చాలావాటికి కారణం దానంతటదే తోస్తుంది.

ఏ లక్షణం కనిపించినా ముందు నోటిని, పాదాన్ని పరిశీలించాలి. నోరు మూసుకుని, పాదం రాతిని గట్టిగా పట్టుకుని ఉన్నంతవరకు మిగతా శరీరం ఎంత వికారంగా కనిపించినా చేయి పెట్టవలసిన అవసరం సాధారణంగా రాదు. కొత్త ఎనిమోన్‌కు నీటి లోపాల వల్ల జరిగే నష్టం కంటే, యజమాని ఊరికే ఉండలేక రోజూ చోటు మార్చడం వల్ల జరిగే నష్టమే ఎక్కువని నా అభిప్రాయం.

ఒక చోట ఉండకుండా ట్యాంకంతా తిరుగుతోంది

మొదటి కొన్ని రోజులు తిరగడం సహజం. మనం పెట్టిన రాయి దానికి నచ్చకపోవచ్చు. పాదం దూర్చుకోవడానికి పగులు లేకపోయినా, ప్రవాహం నేరుగా తగులుతున్నా, వెలుతురు ఎక్కువైనా తక్కువైనా అది కదులుతుంది. ఏ దిక్కుకు కదులుతోందో గమనిస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. రాతి పైకి, అద్దం మీదుగా నీటి ఉపరితలం వైపు పాకుతుంటే వెలుతురు చాలడం లేదని, రాతి వెనక నీడలోకి వెళ్ళి దాక్కుంటుంటే వెలుతురు మితిమీరిందని ముందుగా అనుమానించవచ్చు. స్పర్శకాలన్నీ ఒకే వైపుకు వాలి, జెండాలా రెపరెపలాడుతుంటే పవర్‌హెడ్ (ట్యాంకు లోపల నీటిని కదిపే పంపు) ప్రవాహం నేరుగా తగులుతున్నట్టు.

పరిష్కారం ఎనిమోన్‌ను కదపడంలో లేదు, దాని చుట్టూ ఉన్న పరిస్థితిని సరిచేయడంలో ఉంది. పవర్‌హెడ్‌ను ఎదుటి అద్దం వైపు తిప్పి ప్రవాహాన్ని చెదరగొట్టాలి. పార్ మీటర్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురును కొలిచే పరికరం) అందుబాటులో ఉంటే ఎనిమోన్ ఉండే చోట 100 నుంచి 200 మధ్య విలువ వచ్చేలా చూసుకుని, లైటు తీవ్రతను మొదట సగానికి తగ్గించి రెండు మూడు వారాల్లో నెమ్మదిగా పెంచాలి. ట్యాంకు మధ్య ఎత్తులో, లోతైన పగులున్న రాయి ఒకటి ముందే అమర్చి ఉంచితే అది తిరిగే రోజులు తగ్గుతాయి. బబుల్ టిప్‌ను వట్టి ఇసుక మీద పెడితే అది అక్కడ నిలవదు. ఇసుకలో పాదాన్ని పాతుకునే హడ్డోనీ కార్పెట్, లాంగ్ టెంటకిల్ వంటి రకాల సంగతి వేరు.

తిరిగే ఎనిమోన్‌కు అసలు ప్రమాదం పవర్‌హెడ్ నుంచి, ఓవర్‌ఫ్లో జాలీ (ట్యాంకులోంచి నీరు పొర్లి బయటికి పోయే చోటి జాలీ) నుంచి వస్తుంది. లైటు ఆరిపోయాక రాత్రిపూట అద్దం మీద పాకుతూ వెళ్ళి పంపు నోట్లో చిక్కుకుంటే తెల్లవారేసరికి అది ముక్కలైపోతుంది. ఆ ముక్కలతో పాటు విడుదలయ్యే దంశకణాలు (కుట్టే కణాలు), కుళ్ళే మాంసం మిగతా జీవులకూ హాని చేస్తాయి. కాబట్టి ఎనిమోన్ ఇంటికి రాకముందే ప్రతి పంపు లోపలికి నీరు పీల్చే వైపు ముతక స్పాంజి గానీ సన్నని ప్లాస్టిక్ జాలీ గానీ తొడిగి, అది మూసుకుపోకుండా రెండు మూడు రోజులకొకసారి కడగాలి. హీటర్‌కు కూడా ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, ఎందుకంటే పాదం వేడి గొట్టానికి అతుక్కుంటే కాలుతుంది.

ముడుచుకుపోయి, గోధుమరంగు పదార్థాన్ని కక్కుతోంది

ఎనిమోన్‌కు నోరూ విసర్జన మార్గమూ ఒకటే. లోపలి నీటిని, వ్యర్థాన్ని బయటికి తోసేటప్పుడు అది ముడుచుకుపోయి, కొన్ని గంటల తరవాత తాజా నీటిని నింపుకుని మళ్ళీ విచ్చుకుంటుంది. రోజుకొకసారి, ముఖ్యంగా లైటు ఆరాక, ఇలా జరిగితే భయపడనక్కరలేదు. గోధుమరంగు తాళ్ళలా, ముద్దల్లా బయటికి వచ్చేది జీర్ణంకాని వ్యర్థంతో పాటు, దాని కణాల్లో సహజీవనం చేసే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు. ప్రయాణంలో నలిగిన ఎనిమోన్, లేదా ఒక్కసారిగా తీవ్రమైన వెలుతురు పడ్డ ఎనిమోన్ వీటిని ఎక్కువగా వదిలేస్తుంది.

అయితే పగలంతా ముడుచుకునే ఉండి, రెండు రోజులైనా పూర్తిగా విచ్చుకోకపోతే నీటినే అనుమానించాలి. లవణీయతను (నీటిలోని ఉప్పు మోతాదును) తెలిపే విశిష్ట గురుత్వం 1.025 నుంచి 1.026 మధ్య, ఉష్ణోగ్రత 25 నుంచి 26.5 డిగ్రీల సెల్సియస్ మధ్య, పీహెచ్ 8.0 నుంచి 8.4 మధ్య ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. నైట్రేట్ 5 నుంచి 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు) దాకా ఉన్నా ఇబ్బంది లేదు. అంకె కంటే ముఖ్యమైనది స్థిరత్వం. లవణీయతను ముల్లు ఊగే హైడ్రోమీటర్‌తో చూసేవారు గుర్తుంచుకోవాల్సిందేమంటే, ముల్లుకు ఒక్క గాలి బుడగ అంటుకున్నా అంకె తప్పు చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటర్‌ను (కాంతి వంగడాన్ని బట్టి లవణీయతను చూపే పరికరాన్ని) కూడా 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకున్నాకే నమ్మాలి.

మన ప్రాంతంలో వేసవి ప్రత్యేక సమస్య. ఏప్రిల్, మే నెలల్లో గది వేడికి ట్యాంకు నీరు 30 డిగ్రీలు దాటడం, నీటిలో ఆక్సిజన్ తగ్గడం, ఆవిరి వల్ల లవణీయత రోజురోజుకూ పెరగడం ఒకేసారి జరుగుతాయి. ఆవిరైన నీటి స్థానంలో ఉప్పు నీరు కాదు, ఆర్‌ఓ డీఐ నీరే (ఖనిజాలన్నీ తీసేసిన శుద్ధ నీరే) పోయాలి. బోరు నీటిలోని ఖనిజాలు, నైట్రేట్లు ట్యాంకులో పేరుకుపోతాయి కాబట్టి టీడీఎస్ మీటర్‌లో (నీటిలో కరిగిన పదార్థాలను కొలిచే పరికరంలో) సున్నా చూపే నీటినే వాడాలి. నీటి మీదుగా ఫ్యాన్ తిప్పితే హైదరాబాద్ వంటి పొడి వేడిమిలో రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి గానీ, విశాఖ, కాకినాడల ఉక్కపోతలో ఆవిరే సరిగా జరగదు గనుక చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) తప్పదు. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చిల్లర్ చేయించుకునేవారు నీటిని తాకే కాయిల్ రాగిది కాకుండా టైటానియంది ఉండేలా చూసుకోవాలి. చాలా స్వల్ప మోతాదులోనైనా రాగి ఎనిమోన్‌ను చంపుతుంది. అదే ట్యాంకులో ఇదివరకు చేపల జబ్బుకు రాగి మందు వాడి ఉంటే, రాళ్ళు దాన్ని పీల్చుకుని తరవాత మెల్లగా వదులుతుంటాయి గనుక ఎనిమోన్ జోలికి పోకపోవడమే మంచిది. కరెంటు పోయినప్పుడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా ఉండాలి.

ట్యాంకు వయసు కూడా ఇక్కడే చూసుకోవాలి. ఆరు నెలలైనా నిండని ట్యాంకులో టెస్ట్ కిట్ అన్నీ సరిగా ఉన్నాయని చెప్పినా ఎనిమోన్ ముడుచుకునే ఉండడం తరచుగా కనిపిస్తుంది. అప్పుడు దాన్ని పాత ట్యాంకు ఉన్న మిత్రుడి దగ్గరికి తరలించడం కంటే మంచి మార్గం లేదు.

పాదం రాతిని పట్టుకోవడం లేదు

ట్యాంకులోకి వదలగానే దొర్లిపోతుంటే ముందు పంపులన్నీ అరగంట నుంచి గంట దాకా ఆపి, రాతి పగులులో పాదం కిందికి వచ్చేలా ఉంచి చూడాలి. అప్పటికీ పట్టుకోకపోతే, రంధ్రాలున్న ఒక ప్లాస్టిక్ పెట్టెలో చిన్న చిన్న లైవ్ రాక్ (మేలు చేసే సూక్ష్మజీవులున్న రీఫ్ రాయి) ముక్కలు పేర్చి, దానిలో ఎనిమోన్‌ను పెట్టి, ప్రవాహం తక్కువగా ఉన్న మూల ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో అది ఏదో ఒక ముక్కను పట్టుకుంటుంది; ఆ ముక్కతో సహా కావలసిన చోట పెట్టవచ్చు.

పాదం చిరిగి ఉంటే కథ మారుతుంది. దుకాణంలో అద్దం నుంచి బలవంతంగా పీకినప్పుడు పాదం అంచు చిరుగుతుంది. చిన్న చిరుగును బబుల్ టిప్ మాన్పుకోగలదు గానీ, లోపలి పొరలు బయటికి వేలాడేంత చిరుగు మానడం అరుదు. కొనేటప్పుడే దుకాణదారును అడిగి పాదాన్ని చూడాలి; రాయితో పాటే ఇస్తానంటే ఆ రాయికి అదనంగా డబ్బు పెట్టడం నష్టం కాదు. ఎప్పుడైనా విడదీయక తప్పకపోతే, గోటి అంచును పాదం కిందికి కొద్దికొద్దిగా జరుపుతూ, ఒక వైపు అది తనంతట తాను ముడుచుకునే దాకా ఆగి, తరవాత రెండో వైపుకు వెళ్ళాలి. లాగితే చిరుగుతుంది.

రవాణాలో చాలా గంటలు గడిపి వచ్చిన సంచి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మూసిన సంచిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోవడం వల్ల అందులోని అమ్మోనియా అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే పీహెచ్ పెరిగి అది విషపూరిత రూపంలోకి మారుతుంది. అటువంటి సంచిలోకి గంటల తరబడి చుక్క చుక్కగా నీరు వదులుతూ కూర్చోకూడదు. ఉష్ణోగ్రతను సమానం చేసి, అదే లవణీయత ఉన్న నీటిలోకి త్వరగా మార్చి, సంచి నీటిని పారబోయాలి.

నోరు తెరుచుకునే ఉంటోంది

వ్యర్థాన్ని వదిలేటప్పుడు నోరు కాసేపు తెరుచుకోవడం మామూలే. గంటల తరబడి సడలి తెరుచుకుని, లోపలి పొరలు బయటికి పొంగుకు వచ్చి, వేలితో తాకితే స్పర్శకాలు అంటుకోకపోతే అది తీవ్రమైన స్థితి. వెంటనే లవణీయత, అమ్మోనియా పరీక్షించి, అదే ఉష్ణోగ్రత, లవణీయత ఉన్న నీటితో 20 శాతం మార్చి, లైటు తగ్గించి, యాక్టివేటెడ్ కార్బన్ (నీటిలోని మలినాలను పీల్చుకునే బొగ్గు) పెట్టాలి. లెదర్ కోరల్ (ఒక రకం మెత్తని పగడం) గానీ వేరే జాతి ఎనిమోన్ గానీ అదే ట్యాంకులో ఉంటే వాటి స్రావాలూ కారణం కావచ్చు. కార్బన్ వాటినీ కొంతవరకు పీల్చుకుంటుంది.

దీనితో పొరబడేది ఒకటుంది: ఎనిమోన్ రెండుగా చీలడం. శరీరం కోలగా సాగి, పాదం రెండు వైపులా లాగుతూ, నోరు చినిగినట్టు కనిపిస్తుంది కానీ స్పర్శకాలు జిగురుగానే ఉంటాయి. వారం పది రోజుల్లో రెండు ముక్కలూ గుండ్రబడతాయి. అంతవరకు ముట్టుకోకూడదు, మేత పెట్టకూడదు.

తెల్లబారింది, లేదా తినడం లేదు

దుకాణంలో తళతళలాడే తెలుపు అందంగా కనిపించినా, అది జూజాంథెల్లేను కోల్పోయిన ఎనిమోన్ అని గ్రహించాలి. నిమ్మపండు పసుపు రంగు ఉన్నవాటిలో కొన్నింటికి రంగు అద్దుతారు. ఇటువంటిది ఇప్పటికే ఇంటికి వచ్చి ఉంటే మధ్యస్థమైన వెలుతురులో ఉంచి, వారానికి రెండుసార్లు చిన్న మేతతో పోషించాలి. రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

ఆరోగ్యంగా ఉన్నదానికి మొదటి వారం మేత అక్కరలేదు. తరవాత బజారులో దొరికే పచ్చి రొయ్యను, ఉప్పూ పసుపూ తగలకుండా, ఒలిచి కడిగి, నోటి వెడల్పు కంటే చిన్న ముక్కగా స్పర్శకాలకు అందించాలి. పెద్ద ముక్క పెడితే మర్నాడు తెల్లటి ముద్దగా కక్కేస్తుంది. రొయ్యలు, పీతలు నోట్లోంచి మేత లాక్కుపోతుంటే అది లోపలికి తీసుకునే దాకా కోసిన ప్లాస్టిక్ సీసా పైభాగాన్ని మూతలా బోర్లించి ఉంచవచ్చు. స్పర్శకాల చివర బుడగలు పోయి సన్నగా సాగినంత మాత్రాన జబ్బు కాదు.

క్లౌన్ ఫిష్ దగ్గరికే రావడం లేదు, లేదా వదలడం లేదు

క్లౌన్ ఫిష్ ఎనిమోన్ స్పర్శకాల మధ్య ఆశ్రయం పొందే చేప. దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఒసెలారిస్ రకం క్లౌన్ ఫిష్‌కు ప్రకృతిలో బబుల్ టిప్ ఆతిథేయి కాదు. మ్యాగ్నిఫికా, జైగాంటియా వంటి వేరే జాతుల ఎనిమోన్లే దాని ఇళ్ళు. కాబట్టి అది నెలల తరవాత చేరవచ్చు, అసలు చేరకపోవచ్చు. మెరూన్, టొమాటో, క్లార్కీ రకాలు బబుల్ టిప్‌ను సహజంగానే ఆశ్రయిస్తాయి. ఎనిమోన్ బతకడానికి చేప అవసరం లేదు గనుక దీనికి చికిత్సేమీ లేదు.

రెండో సమస్యకు మాత్రం చికిత్స కావాలి. పెద్ద మెరూన్ ఆడచేప కొత్త ఎనిమోన్‌లో రోజంతా పొర్లుతుంటే అది విచ్చుకోలేదు. రంధ్రాల బుట్టను ఎనిమోన్ మీద బోర్లించి, పాదం కుదిరి స్పర్శకాలు పూర్తిగా విచ్చుకునే దాకా చేపను దూరంగా ఉంచాలి.

కరిగిపోతోంది

మాంసం పొరలు పొరలుగా ఊడి, నీటిలో తెల్లటి జిగురు తేలుతూ, బయటికి తీస్తే కుళ్ళు వాసన వస్తే ఇక ఆశ లేదు. రేపటిదాకా చూద్దామనుకోకుండా చేతికి తొడుగు వేసుకుని, సన్నని వల కంటే గిన్నెతో ముంచి తీయడం మంచిది, వలలో అది ఇంకా చిట్లుతుంది. చిన్న ముక్కలను సైఫన్ గొట్టంతో లాగేసి, 30 శాతం నీరు మార్చి, కొత్త కార్బన్ వేసి, స్కిమ్మర్ (నురగతో వ్యర్థాన్ని వేరుచేసే పరికరం) కప్పు ఖాళీ చేసి, తరవాతి మూడు రోజులు ఉదయం, సాయంత్రం అమ్మోనియా చూడాలి. అంకె సున్నాకు పైన కనిపిస్తే నీరు మళ్ళీ మార్చాలి. కారణం తేలే దాకా ఇంకో ఎనిమోన్‌ను కొనకూడదు.