మృగశిర రాకముందే కాక్టస్‌లకు చేయాల్సినవి

వానాకాలంలో కాక్టస్‌లు చనిపోవడానికి అసలు కారణం వేళ్లకు గాలి అందకపోవడం. రోజుల తరబడి ఆరని వెచ్చని మట్టిలో వేళ్లు ఊపిరాడక చస్తాయి, అక్కడి నుంచి కుళ్లు కాండంలోకి పాకుతుంది. పైగా కాక్టస్ ఒంటి మీది రంధ్రాలు రాత్రిపూటే తెరుచుకుంటాయి. ముసురు పట్టిన రాత్రి గాలి నిండా తేమే కాబట్టి పీల్చుకున్న నీరు బయటికి పోదు, మొక్క ఉబ్బి పగులుతుంది. మొదటి చినుకు పడ్డాక చేయగలిగింది తక్కువ. సిద్ధం కావాల్సింది మే నెలలోనే.

అన్నిటికన్నా ముందు మట్టి చూడండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలు చాలావరకు కొబ్బరి పొట్టులో ఉంటాయి. అది ఒకసారి తడిస్తే వారం దాటినా లోపల ఆరదు. కుండీని పూర్తిగా ఎండనిచ్చి, మొక్కను బయటికి తీసి, వేళ్ల మధ్య గట్టిపడిన పొట్టును పెన్సిల్ మొనతో నెమ్మదిగా రాల్చేయండి. ముళ్లకు న్యూస్‌పేపర్ మడత పట్టీ చుట్టి పట్టుకుంటే చేతికి గుచ్చుకోవు. నాగజెముడు జాతుల సన్న నూగు ముళ్లు చర్మంలో దిగితే అంటుకునే టేపు అతికించి లాగండి.

మట్టి మిశ్రమం పది భాగాలనుకుంటే, నాలుగు భాగాలు 2–4 మిల్లీమీటర్ల ముతక ఇసుక, నాలుగు భాగాలు శనగగింజంత ఇటుక ముక్కలు లేదా ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), రెండు భాగాలు బాగా మాగిన వర్మీకంపోస్టు. ఇసుకను జల్లించి, కడిగి, సన్న ధూళి పోగొట్టాలి. రాతి ఇసుకలో ధూళి ఎక్కువ, దాన్ని రెండుమూడుసార్లు కడగక తప్పదు. సముద్రపు ఇసుక ఉప్పు వల్ల పనికిరాదు, నల్లరేగడి అసలే వద్దు. తడిపిన మిశ్రమాన్ని పిడికిట్లో నొక్కి వదిలితే ముద్దగా నిలవకుండా విడిపోవాలి. కుండీ అడుగున కంకర పొర వేయకండి. సన్న మట్టిలోని నీరు ఆ పొరలోకి దిగక దాని పైనే ఆగి, తడి వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది.

ఈ పని మే మధ్యకల్లా ముగిస్తే తెగిన వేళ్లు మానడానికి మూడు వారాలు దొరుకుతాయి. మార్చాక వారం రోజులు నీళ్లు పోయొద్దు. మట్టి మార్చేటప్పుడు వేళ్ల మీద తెల్లటి పిండిలా పిండినల్లి కనిపిస్తే వేళ్లు కడిగి, నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టి నాటండి. కాండం మీద ఉంటే 70 శాతం స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి. ఎరువులు మే చివరికల్లా ఆపేయాలి. నత్రజనితో మెత్తగా పెరిగిన ఒళ్లే ముందు కుళ్లుతుంది.

వానకు అడ్డుగా మొక్కల మీద వేసే పైకప్పుకు పారదర్శకమైన 200 మైక్రాన్ల యూవీ పాలిథీన్ షీటు చాలు. నీరు నిలవకుండా వాలు ఉండాలి, నాలుగు వైపులా తెరిచి ఉంచాలి. పక్కలు మూసేస్తే వాన కన్నా ఆ ఉక్క ఎక్కువ చెరుపు చేస్తుంది. కుండీల కింద పళ్లేలు తీసేసి ఇటుకల మీద పెట్టండి.

అన్నిటికీ కప్పు అక్కర్లేదు. నాగజెముడు, స్తంభంలా పెరిగే సీరియస్ (Cereus), డ్రాగన్ ఫ్రూట్ తీగ నీరు ఇంకే నేలలో ఉంటే వానను తట్టుకుంటాయి. ఆస్ట్రోఫైటమ్, ఏరియోకార్పస్, దట్టమైన తెల్లని నూగున్న మామిలేరియాలను మాత్రం తప్పకుండా కప్పు కిందికి చేర్చాలి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో రాత్రి కూడా తేమ తగ్గదు, అక్కడ కంపోస్టు ఒక భాగానికి తగ్గించండి. అనంతపురం వైపు వాన తక్కువ కాబట్టి రెండు భాగాలు ఉంచుకోవచ్చు. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి, అక్కడ కప్పును సంక్రాంతి దాకా తీయొద్దు.

కప్పు కింద ఉన్నవాటికి నీళ్లు పోసే ముందు అగరుబత్తి పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి, పావుగంట ఆగి తీయండి. తడి తగిలితే ఆ వారం నీళ్లు లేవు.

మొదలు దగ్గర పెన్సిల్ వెనక కొసతో నొక్కితే మెత్తగా దిగినా, గోధుమరంగు పైకి పాకుతున్నా మరునాటి దాకా ఆగొద్దు. స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో, కుళ్లుకు పైన, పలుచని చక్రాలుగా కోస్తూ పోండి. ప్రతి కోతకీ బ్లేడు తుడవాలి. కోత మధ్య కనిపించే నాళాల వలయంలో ఒక్క ఎర్రటి చుక్క ఉన్నా ఇంకా పైకి వెళ్లాలి, ఆ చుక్కను వదిలేస్తే కుళ్లు మళ్లీ వస్తుంది. శుభ్రమైన ముక్కకు గంధకం పొడి అద్ది, గాలి ఆడే నీడలో రెండు వారాలు ఆరనివ్వండి, తర్వాత పొడి మిశ్రమంలో నిలపండి. ఎరుపు, పసుపు తలల అంటు కాక్టస్‌లకు ఇది పనికిరాదు. ఆ తలల్లో పత్రహరితం లేదు కనుక విడిగా బతకవు. తల ఇంకా గట్టిగా ఉంటే వెంటనే కొత్త డ్రాగన్ ఫ్రూట్ కాండం మీద, మధ్య వలయాలు ఒకదానికొకటి తగిలేలా అంటుకట్టాలి.

తుఫాను హెచ్చరిక వస్తే పిట్టగోడ మీది కుండీలన్నీ కిందికి దించి, షీటు విప్పేయండి. గాలికి షీటు తెరచాపలా లేచి చట్రాన్ని మొక్కల మీద పడేస్తుంది. ముసురు వీడాక ఎండ ఒక్కసారిగా కాస్తే ఒళ్లు కాలి తెల్లని మచ్చలు పడతాయి, అవి ఇక పోవు. ఆ మొదటి పది రోజులు మధ్యాహ్నం పూట 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టి ఉంచండి.