ఆది జాకెట్టు పెట్టుకుని కొత్త సీరియల్ వెతుక్కోవడం

2023 జనవరి 23, సోమవారం. కావలిలో మా ఇంట్లో నేను ఒక పట్టుచీరకి ఫాల్ కుడతా ఉన్నా. మా అత్తమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తా ఉంది. టీవీలో కార్తీక దీపం ఆఖరి ఎపిసోడు. 2017 అక్టోబరులో మొదలైంది ఆ సీరియల్. అయిదేళ్ల పైన, ఆదివారం తప్పించి రోజూ రాత్రి ఏడున్నరకి వంటలక్క మా ఇంటికి వచ్చింది. కరెంటు పోతే పక్కింట్లో ఇన్వర్టరు ఉందని అక్కడికి పొయ్యి చూశాం. అయిపోయాక అత్తమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి, "రేపు ఏడున్నరకి ఏం చేస్తామే?" అనడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత రెండు మూడేళ్లలో నేను ఆ జవాబు వెతుక్కున్న తీరు రాస్తా ఉన్నా. ప్రాణంగా చూసిన సీరియల్ అయిపోయి, ఏది పెట్టినా మనసు నిలవని వాళ్లకి పనికొస్తుంది.

మొదట చేయాల్సింది ఏమీ చేయకుండా ఉండటం. మరుసటి రోజే అదే టైముకి బ్రహ్మముడి మొదలైంది. ఎంతోమందికి నచ్చింది అది. మేం మాత్రం ఆ రోజు పెట్టలేకపోయాం. పెట్టుంటే ప్రతి సీనులో పాతదాన్నే వెతికి, కొత్తదానికి అన్యాయం చేసేవాళ్లం. పది రోజులు ఏడున్నరకి టీవీ కట్టేసి, పాత పాటలు పెట్టుకున్నాం. మీకు పది రోజులే పట్టాలని లేదు. పాత సీరియల్లో మాటలు ఇంట్లో ఎవరూ ఎత్తకుండా ఒక పూట గడిచిందంటే, అప్పుడు వెతకడం మొదలుపెట్టొచ్చు.

ఇక వెతకడం గురించి. నేను జాకెట్లు కుట్టేదాన్ని. కొత్త గుడ్డ ఇచ్చేవాళ్లు దాంతోపాటు ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తారు, ఆది జాకెట్టు. దాని రంగు, పూలు నాకక్కర్లేదు. టేపు పెట్టి నడుమెంత, చంక ఎంత, చెయ్యి పొడవెంత, మెడ ఎంత లోతు అని చూసుకుంటా. అయిపోయిన సీరియల్‌ని కూడా అట్నే చూడాలి. "అలాంటిదే ఇంకోటి కావాలి" అనుకుంటే అదే రంగు గుడ్డ కోసం కొట్లన్నీ తిరిగినట్టు. కావాల్సింది కొలత.

ఒక కాగితం తీసుకుని రాయండి. ఏ టైముకి చూసేవాళ్లు, ఎంతసేపు, ఎవరితో, ఏం పని చేసుకుంటా. ఎవరు తెర మీదకి వస్తే చేతిలో పని ఆగేది. ఈ చివరిది చాలా ముఖ్యం, ఇంట్లో ఒక్కొక్కళ్లని విడిగా అడగాలి. నేను అత్తమ్మని అడిగితే, అయిదేళ్లు పక్కన కూర్చుని చూసినా నాకు తెలియని సంగతి బయటపడింది. నేను చూసింది వంటలక్క దీపని. వంట చేసి బతికి, పిల్లని పెంచి, ఎవరి ముందూ తల దించని మనిషిని. అత్తమ్మ చూసింది సౌందర్యని. కొడుకు కాదన్నా కోడలి పక్కన నిలబడ్డ అత్తని. "అట్టాంటి అత్త ఉంటే చాలు కదా ఆడపిల్లకి" అనింది, ఈనె తీస్తానే. పెళ్లయిన కొత్తలో నాకు మిషను కొనిమ్మని మామయ్యతో గొడవపడింది ఆమే. ఆ మాట అప్పుడు చెప్పుకోలేదు ఇద్దరం.

అంటే మా ఇంట్లో ఆది జాకెట్లు రెండు. పని చేసుకుని బతికే ఆడమనిషి నాకు కావాలి, ఇల్లు నిలబెట్టే పెద్దదిక్కు అత్తమ్మకి కావాలి. రెండూ ఒకే సీరియల్లో దొరకాలని పట్టుబడితే ఏదీ దొరకదు. ఒక వారం ఆమెది, ఒక వారం నాది అనుకున్నాం.

నటీనటుల్ని పట్టుకుని పోవడం అందరూ మొదట చేసే పని. నేనూ చేశా. దీపగా వేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళంలో కరుత్తముత్తులోనూ అదే పాత్ర వేసిందని తెలిసింది. 2014లో మొదలైన ఆ మలయాళం సీరియలే మన కార్తీక దీపానికి మూలం. ఉత్సాహంగా పెట్టా. కథ తెలుసు, భాష తెలీదు. అరగంట చూసి ఆపేశా. రీమేకుకి మూలం చూడటమంటే అదే గుడ్డ మళ్లీ కొనడం. పాత కథనే మళ్లీ చూడాలని ప్రాణం కొట్టుకుంటే చూడండి, కొత్తది కావాలంటే మాత్రం అది దారి కాదు. 2024 మార్చిలో కార్తీక దీపం: ఇది నవ వసంతం అని అదే జంటతో వేరే కథ మొదలైనప్పుడు అత్తమ్మ సంబరం చూడాలి. ముఖాలు చూసుకున్నందుకు సంతోషం. కానీ ఆ దీప వేరు, ఈ దీప వేరు అని మనసుకి చెప్పుకుని కూర్చోవాలి.

అసలు దారి ఏందంటే, సీరియల్ తీసినవాళ్లని పట్టుకోవడం. టైటిల్స్ పరిగెత్తించకుండా ఒక్కసారి ఆపి చదవండి. రాసిందెవరు, తీసిందెవరు, ఏ సంస్థ. మనిషికి మాట తీరు ఉన్నట్టే వాళ్లకీ ఒక తీరు ఉంటుంది, కథ మారినా అది మారదు. దూరదర్శన్‌లో ఋతురాగాలు చూసి వదల్లేకపోయినవాళ్లు చాలామంది తర్వాత జెమినీలో చక్రవాకం, మొగలిరేకులు కూడా వదల్లేదు. మూడూ మంజులా నాయుడు తీసినవే. అత్తమ్మకి ఆ పేరు తెలీదు, కానీ మూడూ చూసింది. మనకి తెలియకుండానే మన చెవి మనిషిని గుర్తుపడుతుంది. ఆ పేరేదో తెలుసుకుంటే వెతకడం సులువవుతుంది.

ఇట్టాంటి గొలుసు ఒకటి చెప్తా. 2025 జనవరిలో అమెజాన్ ప్రైమ్‌లో సివరపల్లి అనే వెబ్ సిరీస్ వచ్చింది, ఎనిమిది ఎపిసోడ్లు. తెలంగాణ పల్లెకి పంచాయతీ సెక్రటరీగా వచ్చిన కుర్రాడి కథ. ఇద్దరికీ నచ్చింది. తీసిన సంస్థ టీవీఎఫ్ అని చూసి వెనక్కి పోతే, దానికి మూలమైన హిందీ పంచాయత్ దొరికింది, 2020లో మొదలైంది. ఇందాక మూలం జోలికి పోవద్దన్నా కదా, ఇక్కడ మాత్రం పోవచ్చు. తెలుగులో అప్పటికి ఒక్క సీజనే, హిందీలో కథ ఇంకా ముందుకు పోయింది. అదే టీవీఎఫ్ వాళ్లది గుల్లక్ అని ఇంకోటి ఉంది. ఒక మధ్యతరగతి ఇంటి సంగతులు ఆ ఇంట్లో మట్టి హుండీ చెప్తా ఉంటుంది. ఈటీవీ విన్‌లో వచ్చిన నైంటీస్‌లో లెక్కల మాస్టారి ఇల్లు నచ్చినవాళ్లకి ఈ ఇల్లూ నచ్చుతుంది. నైంటీస్ ఆరే ఎపిసోడ్లు. మా ఇంట్లో వారంలో అయిపోతుందనుకున్నది మూడు వారాలు నడిచింది, అత్తమ్మ ప్రతి ఎపిసోడూ రెండుసార్లు పెట్టించుకుంది.

చెవి, కన్ను సంగతి ఎవరూ చెప్పరు, కానీ చాలా సీరియల్స్ ఇందుకే కుదరవు. హెమ్మింగు చేసేటప్పుడు, హుక్కులు, కాజాలు వేసేటప్పుడు నా కళ్లు సూది మీద ఉంటాయి. అత్తమ్మకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఎక్కువసేపు తెర వైపు చూడటం ఇష్టం ఉండదు. కాబట్టి ఏడున్నరకి మాకు మాటల మీద నడిచే కథ కావాలి. డైలీ సీరియల్స్ అంతగా అలవాటవడానికి ఇదీ ఒక కారణం అనుకుంటా. వంటింట్లో ఉన్నా కథ తెలుస్తుంది. మీరు కూడా ఒక పరీక్ష చేయండి. కొత్తదేదైనా పెట్టి అయిదు నిమిషాలు తెరకి వీపు పెట్టి కూర్చోండి. ఏం జరుగుతుందో తెలిసిందంటే పని చేసుకుంటా చూడొచ్చు. తెలియలేదంటే అది చెడ్డదని కాదు, దాని టైము వేరు.

కేరళ క్రైమ్ ఫైల్స్ మాకు చెవికి సరిపోయింది. మలయాళంలో తీసినా హాట్‌స్టార్‌లో తెలుగు మాటలున్నాయి. లాడ్జిలో ఒక హత్య, రిజిస్టరులో ఒక దొంగ పేరు, దొంగ అడ్రసు. ఆ ఒక్క ముక్క పట్టుకుని పోలీసులు ఆరు ఎపిసోడ్లు తిరుగుతారు. ఒకర్ని పిలిచి అడగడం, ఇంకొకర్ని పిలిచి అడగడం. ఒక పెళ్లి ఆర్డరు జాకెట్లకి హుక్కులన్నీ ఆ ఆరు ఎపిసోడ్లలో వేశా. తమిళంలో తీసిన సుళల్ అట్టా కుదరదు. సూళ్లూరుపేట వైపు నుంచి మా వీధికి కోడలుగా వచ్చినామె, ఇంట్లో తమిళం మాట్లాడతారు, ఆమె చెప్పింది దాని గురించి. విక్రమ్ వేద సినిమా తీసిన పుష్కర్, గాయత్రి రాసింది. కొండల మధ్య ఊరు, అంకాళమ్మ జాతర రోజుల్లో నడిచే కథ. వేషాలు, రంగులు, ముఖాలు కళ్లతో చూడాల్సినవి. సూది పక్కన పెట్టి కూర్చున్నా.

ఇంకొకళ్లని అడిగేటప్పుడు "ఏం బాగుంది?" అని అడగొద్దు. బాగుందని విన్నదే చెప్తారు. నేను కొలతలు తీసుకుంటా, "ఈ మధ్య ఏది రెండోసారి చూశావమ్మా?" అనడుగుతా. రాత్రి డ్యూటీ చేసే నర్సమ్మ ఒకామె చాలాసేపు ఆలోచించి అమృతం అనింది, నవ్వుల సీరియల్. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చింది, గుణ్ణం గంగరాజు తీసింది. డ్యూటీ దిగి వచ్చాక నిద్ర పట్టకపోతే యూట్యూబ్‌లో ఒక ఎపిసోడు పెట్టుకుంటుందంట. ఏ ఎపిసోడైనా సరే, ముందు వెనక తెలియాల్సిన పని లేదు. మనసు ఇంకా పాత సీరియల్ దగ్గరే ఉన్నవాళ్లకి ఇట్టాంటిదే మొదలు పెట్టడానికి మంచిది, ఎందుకంటే ఇది మిమ్మల్ని రేపు కూడా రమ్మని పట్టుకోదు.

మొదలుపెట్టాక ఎంతవరకు చూసి నిర్ణయించుకోవాలి? వెబ్ సిరీస్ అయితే రెండు ఎపిసోడ్లు. మొదటిదానిలో పేర్లు, ఊరు, ఎవరికి ఎవరు ఏమవుతారు, ఇదే సరిపోతుంది. రెండోదానిలో మనుషులు మాట్లాడతారు. డైలీ సీరియల్ అయితే బుధవారం ఎపిసోడు చూడండి. సోమవారం, శనివారం ఏదో ఒక పెద్ద గొడవ పెడతారు, వాటిని చూసి మోసపోవద్దు. ఏమీ జరగని బుధవారం కూడా వాళ్ల మాటలు వినబుద్ధయితే ఆ సీరియల్ మీది. ప్రోమోలు చూడకండి. వారం కథంతా ముప్పై సెకన్లలో చెప్పేస్తారు, ఇక చూడటానికి ఏం మిగులుతుంది?

డబ్బుల సంగతి చిన్నమాట. ఒకటి చూసి, అది అయ్యాకే ఇంకో యాప్‌కి కట్టండి. నెల కట్టాక ఫోన్‌పే, గూగుల్ పేల్లో ఆటోపే అన్నచోటికి పొయ్యి ఆపేయండి. ఒక యాప్‌కి నేను ఆపడం మర్చిపోతే మూడు నెలలు డబ్బులు పోయాయి, మూడు జాకెట్ల కూలి. కట్టకముందే ఆడియో ఏ భాషల్లో ఉందో కూడా చూసుకోండి. తెలుగు అని కిందిచ్చేది ఒక్కోసారి అక్షరాలకే, మాటలకి కాదు.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం నేను మిషను మీద గుడ్డ కప్పేస్తా. డిగ్రీ చదివే మా చెల్లెలి కూతురు ఒక ఆదివారం వచ్చి, "పెద్దమ్మా, ఇది నీకు నచ్చుతుంది" అని కొరియా వాళ్ల రిప్లై 1988 పెట్టింది. ఇరవై ఎపిసోడ్లు, ఒక్కోటి గంట పైనే. కింద ఇంగ్లీషు అక్షరాలు. అర్థంకాని చోట అది చదివి చెప్పింది అత్తమ్మకి. సియోల్‌లో ఒక సందు, ఆ సందులో అయిదు కుటుంబాలు. మొదటి ఎపిసోడులోనే రాత్రి అన్నాల వేళకి ఒక తల్లి గిన్నెలో కూర ఇచ్చి పక్కింటికి పంపుతుంది. ఆ ఇంటివాళ్లు ఉత్త గిన్నె పంపరు, ఇంకోటేదో వేసిస్తారు. పిల్లలు గిన్నెలు పట్టుకుని సందంతా తిరుగుతారు. అత్తమ్మ లేచి కూర్చుంది. తుమ్మలపెంట నుంచి చేపలు వచ్చిన రోజు మామిడికాయ వేసి పులుసు పెట్టి, గిన్నెతో నన్ను నాలుగిళ్లకి పంపేది ఆమె. ఉత్త గిన్నె ఎవరూ తిరిగివ్వలేదు మాకు కూడా. "ఏ దేశమే ఇది?" అనడిగింది. భాష అడ్డం కాలేదు ఆ తర్వాత.

అయిదు నెలల ఆదివారాలు పట్టింది. అది అయిపోయిన రోజు మళ్లీ అదే బాధ, ఈసారి పిల్లకి కూడా. మూడు ఆదివారాలు ఏమీ పెట్టలేదు. నాలుగో ఆదివారం కాగితం తీసి కొలతలు రాసుకున్నాం. అత్తమ్మ "గిన్నెలు" అని రాయించింది. తీసింది షిన్ వన్‌హో, రాసింది లీ వూజంగ్ అని పిల్ల వెతికి చెప్పింది. వాళ్లిద్దరే 2020లో హాస్పిటల్ ప్లేలిస్ట్ అని అయిదుగురు డాక్టరు స్నేహితుల కథ చేశారు. ఇప్పుడు రెండో ఎపిసోడు అయింది. వాళ్లు అయిదుగురూ కలిసి అన్నం తినేటప్పుడు అత్తమ్మ మాట్లాడదు, మమ్మల్నీ మాట్లాడనివ్వదు.